కింది వాటా, ఎండ బాగా వచ్చును

లా పాస్, బొలీవియా, 5 అక్టోబరు 1993

తమ్ముడు రెమిహియోకి, అక్క ఎర్లిండా ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. క్షేమమని రాశావు, సంతోషం. ఎక్కడ క్షేమం అన్నది మాత్రం ప్రతిసారీ మారిపోతోంది. పోయినసారి రెండో వలయం రోడ్డు, ఈసారి మందుల షాపు పైన. శాంతాక్రూస్ తపాలావాళ్ళకి నీ మీద కోపం వచ్చేలోగా ఒకచోట కుదురుగా ఉండరా.

ఇక్కడి సంగతి. కింది వాటా ఖాళీ అయింది. పళ్ళసెట్లు చేసే ఆయన పెళ్ళి చేసుకుని అత్తారింటికి కాపురం మార్చేశాడు. పోతూపోతూ గోడకున్న మేకులన్నీ పీక్కుపోయి, ఒక దవడ మాత్రం కిటికీలో మరిచిపోయాడు. పొద్దున్నే మెట్లు దిగేసరికి అది నన్ను చూసి నవ్వుతూ ఉంటుంది. కాబట్టి ఈ నెల నీ సగం అద్దె పంపలేను. పంపాలంటే ఆ దవడే పంపాలి.

వాటా ఖాళీ అని బోర్డు రాసి పెట్టాను. స్కూలు ఆఫీసులో జీవితమంతా నోటీసులు రాసిన చెయ్యి నాది, రాయడం నాకు కొత్తేమీ కాదు. ఇలా రాశాను: "అద్దెకు ఇవ్వబడును. మర్యాదస్తులకు మాత్రమే. పిల్లలు, కుక్కలు, వాయిద్యములు, వేపుళ్ళు నిషిద్ధము. చీకటి పడిన తర్వాత అతిథులు రాకూడదు. వేడినీళ్ళకు ముందుగా తెలుపవలెను. తలుపు నెమ్మదిగా వేయవలెను. దండెము మీద లోదుస్తులు ఆరవేయరాదు."

ఎవరూ రాలేదు. ఎదురు కొట్టు నియేవెస్ వీధి దాటి వచ్చి, కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివింది. "ఎర్లిండమ్మా, ఇలాంటి మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఆల్రెడీ మేడమీదుంది," అంది. రాత్రి పడుకుని ఆలోచిస్తే నిజమే అనిపించింది. నేను నాకోసమే మనిషిని వెతుక్కుంటున్నాను, అదీ నాలాంటిదాన్నే. ఒకదానితోనే వేగలేకపోతున్నాను.

నువ్వు రేడియోలో సేమియా అమ్మినవాడివి కదా. అద్దెకు మంచివాళ్ళు రావాలంటే ఎలా రాయాలో చెప్పు.

నీ అక్క,
ఎర్లిండా

శాంతాక్రూస్, 19 అక్టోబరు 1993

అక్కా,

ఈ కాగితం తడిసి ఉంటే నీకోసం ఏడ్చాననుకోకు, చెమట. ఇక్కడి ఎండకి కలంలో సిరా కూడా నీడ వెతుక్కుంటోంది. ఇల్లు మారింది గాలి కోసమే. ఇంకేం లేదు.

అడగాల్సిన మనిషినే అడిగావు. నా గొంతుతో సేమియా ప్రకటన వచ్చిన ఆరు నెలలకి ఆ కంపెనీ మూతపడింది. అందులో నా గొంతు తప్పేమీ లేదని ఇప్పటికీ నమ్ముతున్నాను. అంతకుముందు పరుపులు అమ్మాను. ఆ పరుపు మీద నేనెప్పుడూ పడుకోలేదు, అందుకే అంత బాగా చెప్పగలిగాను.

మొదటి సూత్రం: ఏం వద్దో రాయకూడదు, ఏముందో రాయాలి. మన చలి ఊళ్ళో జనం దేనికోసం చస్తారు? ఎండ కోసం. దాని తర్వాత ఇల్యిమాని కొండ కనపడాలి. కాబట్టి ఆ బోర్డు పొయ్యిలో పెట్టేసి, పేపర్లో ఇలా వేయించు: "ఎండ బాగా వచ్చు కింది వాటా. ఇల్యిమాని మంచుకొండ దర్శనం. ప్రశాంతమైన వీధి. యజమానురాలు తల్లిలాంటిది."

ఇంకో మాట, నువ్వు కూర్చుని చదువు. ఫిబ్రవరిలో కార్నివాల్ పండగ మంగళవారం లోగా ఆ వాటాకి మనిషి కుదరకపోతే ఇల్లు అమ్మేద్దాం. నాన్న చెరిసగం రాశాడు, చెరిసగం తీసుకుందాం. నువ్వొక చిన్న ఫ్లాటు చూసుకోవచ్చు, మెట్ల బాధ తప్పుతుంది. ఎందుకని అడగొద్దు. నాకు అవసరం ఉంది.

నీ తమ్ముడు,
రెమిహియో

లా పాస్, 14 నవంబరు 1993

గొంతు గల తమ్ముడికి,

ముందు కోపం రాస్తాను, తర్వాత సంగతులు. నేను ఈ ఇంట్లో పుట్టాను. రిటైరయ్యాక నాకున్న ఉద్యోగం ఈ మెట్లు తుడవడమే. నన్ను తీసుకెళ్ళి ఫ్లాటులో పెడితే లిఫ్టు తుడుస్తూ కూర్చుంటాను. సేమియా అమ్మినంత తేలిగ్గా అమ్మేద్దాం అన్నావు. ఆ రెండు వాక్యాలు చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. సరే, కార్నివాల్ దాకా గడువిచ్చావు కదా, చూద్దాం.

ఇక సంగతులు. నీ ప్రకటన మక్కీకి మక్కీ వేయించాను. కింది వాటా కిటికీలోంచి కనపడేది నియేవెస్ గోడ అని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇల్యిమాని కావాలంటే స్నానాల గదిలో కమోడు మూత మీదకెక్కి, వెంటిలేటర్లోంచి తల బయటపెట్టి ఎడమకి తిప్పాలి. మబ్బు లేకపోతే కొండ భుజం కొంచెం కనిపిస్తుంది. ఇంత తెలిసీ ఎందుకు వేయించానంటావా? "తల్లిలాంటిది" అన్న మాట నాకు నచ్చింది. ఇంతవరకు నన్నెవరూ అలా అనలేదు.

ఎండ సంగతి కూడా నీకు తెలుసు. పొద్దున్న కాసేపు వచ్చి, వచ్చిన పని మర్చిపోయినట్టు వెళ్ళిపోతుంది. అందుకని చూడ్డానికి వస్తామన్నవాళ్ళందర్నీ సరిగ్గా ఆ వేళకే రమ్మన్నాను. నాకంటే తెలివైనది ఈ వీధిలో లేదనుకుని నియేవెస్ దగ్గర జెరేనియం పూలకుండీలు అరువు తెచ్చి పెట్టాను, కాఫీ కాచాను. అందరూ ఒకేసారి వచ్చారు. ఎండంతా వాళ్ళ వీపుల మీద పడింది, గది చీకటైపోయింది.

ఒకావిడ చుట్టూ చూసి, తల్లిలాంటావిడ ఎక్కడ అని అడిగింది. నేనేనన్నాను. కాఫీ తాగకుండానే వెళ్ళిపోయింది.

ఒక లాయరు మాత్రం నిలబడ్డాడు. మంచి సూటు, మెత్తటి మాట, పిల్లల్లేరు, కుక్క లేదు. ఇక కుదిరినట్టే అనుకున్నాను. కొండ చూపించమన్నాడు. స్నానాల గదికి తీసుకెళ్ళి విధానం చెప్పాను. పెద్దమనిషి బూట్లతోనే ఎక్కాడు, తల బయటపెట్టాడు, ఎడమకి తిప్పాడు. మూత ఫెళ్ళుమంది. ఒక కాలు లోపలికి దిగిపోయింది. నేను, "కొండ కనిపించిందా అండీ?" అన్నాను.

"కొండ కనిపించిందమ్మా. బూటే కనిపించట్లేదు," అన్నాడాయన.

బూటు కడిగి ఇచ్చాను. తీసుకుని వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. విరిగిన మూత అలాగే ఉంది, బాగుచేసే దిక్కు లేదు. నియేవెస్ కుండీలు వెనక్కి తీసుకుపోతూ నవ్వి నవ్వి నా గుమ్మంలోనే కూలబడింది.

ఎర్లిండా

శాంతాక్రూస్, 2 డిసెంబరు 1993

కమోడు విరగ్గొట్టిన ప్రకటనకర్త తన అక్కకి రాసుకునేది,

నీ ఉత్తరం పదిమందికి చదివి వినిపించాను. అందులో ఒకడు ఆ బూటు ఏ కంపెనీదని అడిగాడు. నా ప్రకటన చదివి ఒక మనిషి కమోడెక్కాడంటే నాలో ఇంకా సరుకుందన్నమాట. సేమియా కోసం ఎవడూ కుర్చీ కూడా ఎక్కలేదు.

నీ కోపం న్యాయమే. దాని గురించి రాయడానికి కూర్చుంటే చెయ్యి ఆడట్లేదు, వదిలెయ్. పైన అడ్రసు మారింది చూసుకో, ఈసారి టైర్ల షాపు వెనక. ఇక్కడ గాలి ఇంకా బాగుంది. రబ్బరు వాసనే, అయినా గాలి గాలే.

రెండో సూత్రం చెప్తాను. మంచివాళ్ళు రావాలంటే మంచివాళ్ళు దేన్ని చూసి పారిపోతారో తెలియాలి. వేడినీళ్ళ చప్పుడు వినపడగానే తలుపు కొట్టే ఇంటావిడ ఉంటుందే, ఆవిణ్ణి చూసి. గదిలో చొక్కా ఆరేస్తే గోడ చెమ్మగిల్లిందని మొహం మాడ్చేవాళ్ళని చూసి. నీకొచ్చిన ఉత్తరం నీకంటే ముందు దీపానికి ఎత్తి చూసేవాళ్ళని చూసి. రాత్రి కాస్త గిటారు తీస్తే మర్నాడు గుమ్మంలో సామాను కనిపిస్తుందే, అలాంటి ఇంటికి మాత్రం ఎవడూ రాడు. నువ్వు అలా ఉండకు. ఇవన్నీ నాకెలా తెలుసంటావా, రేడియోవాడికి అన్నీ తెలుస్తాయి.

ఒక కోరిక. జనవరి ఇరవై నాలుగున అలసీతాస్ బొమ్మల సంత కదా. మధ్యాహ్నం పన్నెండు కొట్టే వేళకి నా పేరున ఒక బొమ్మ ఇల్లు కొని ధూపం వేయించు. ఇక్కడా సంత పెడతారుగానీ, ఇక్కడి ఏకేకో దేవుడు వేడికి సోలిపోయి ఉంటాడు, కోరిక తీరుస్తాడని నాకు నమ్మకం లేదు. పెద్దది అక్కర్లేదక్కా. తలుపు తెరుచుకునేది చూసి కొను. మర్చిపోకు.

రెమిహియో

లా పాస్, 3 ఫిబ్రవరి 1994

రెమిహియో,

మర్చిపోలేదు. వానలో తడిసి, జనం మోచేతులు తిని, సంతలో నిలబడ్డాను. బొమ్మ కారు కొన్నవాడికి ఏడాదిలో కారొస్తుంది, బొమ్మ సూట్‌కేసు కొన్నవాడికి ప్రయాణం వస్తుంది, అందరూ ఎవరికి కావాల్సింది వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని పన్నెండు కోసం చూస్తున్నారు. బొమ్మలావిడ నన్నూ అడిగింది, ఏం కావాలి తల్లీ అని. అద్దెకొచ్చేవాళ్ళు కావాలన్నాను.

ఆవిడ తన బల్లంతా ఒకసారి చూసుకుంది. "ఇల్లుంది, లారీ ఉంది, డిగ్రీ పట్టా ఉంది. అద్దెకొచ్చేవాళ్ళని ఇంతవరకు ఎవరూ అడగలేదమ్మా. వాళ్ళంతట వాళ్ళే వస్తారు కదా," అంది.

మా ఇంటికి రారని చెప్పడానికి సిగ్గేసి రెండు ఇళ్ళు కొన్నాను. ఒకటి నాకు. దానికి బొటనవేలంత అట్టముక్క మీద "అద్దెకు" అని రాసి అతికించాను. ఇలాంటి పని ఇంతకుముందు ఎవరూ చేసి ఉండరు, ఏకేకో దేవుడు కూడా తల గోక్కుని ఉంటాడు. రెండోది నీకు, తలుపు తెరుచుకుంటుంది. బొమ్మలావిడ నా వేలికి ఉంగరం లేకపోవడం చూసి, మట్టి కోడిపుంజు ఒకటి ఊరికే చేతిలో పెట్టింది. ఒంటరి ఆడదానికి పుంజునిస్తే ఇంటికి మగమనిషి వస్తాడని కదా మనవాళ్ళు ఇస్తారు. వద్దంటే వినలేదు. మూడింటికీ కలిపి ధూపం వేయించాను.

నీకు బొమ్మ ఇల్లు ఎందుకో నాకు తెలియదనుకోకు. ఈ ఇల్లు అమ్మి, నీ సగంతో అక్కడ సొంతిల్లు కట్టుకుంటావు. దానికి ధూపం మాత్రం నాచేతే వేయించుకున్నావు. నా గొయ్యికి నన్నే పలుగు తెమ్మన్నట్టుంది. నీ ఇల్లు బీరువా మీద పెట్టాను. అటు వెళ్ళినప్పుడల్లా దాని తలుపు ధడాలున వేస్తున్నాను.

సరే, అసలు వార్త. పుంజుని కింది కిటికీలో దవడ ఉండే చోట పెట్టాను. వారం తిరగలేదు, మనిషి వచ్చాడు. పేరు సాతుర్నినో. భార్య పోయి చాలా ఏళ్ళయిందట. కొండ గురించి అడగలేదు, ఎండ గురించి అడగలేదు. మాంసం కూరిన సాల్తెన్యాలు వేడివేడిగా తెచ్చాడు, మెట్ల మీద కూర్చుని ఇద్దరం తిన్నాం. ఏవేవో అడిగాడు. నేను అన్నిటికీ సరేనన్నాను, ఎందుకన్నానో నాకే తెలియదు. ఆదివారం సామాను తెచ్చుకుంటున్నాడు. నీ కార్నివాల్ గడువు నీ దగ్గరే ఉంచుకో.

ఎర్లిండా

శాంతాక్రూస్, 14 ఫిబ్రవరి 1994

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి నిలబడి చదివాను.

ఎవరీ సాతుర్నినో? పుంజుని చూసి వచ్చిన మగాడికి అద్దెకిచ్చావా, మాటిచ్చావా? అన్నిటికీ సరేనన్నానని రాశావు. ఆ అన్నీ ఏమిటి? చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, నువ్వు నాన్న అడిగినదానికి కూడా ఒక్కసారీ సరేనన్న మనిషివి కాదు. మెట్ల మీద కూర్చుని సాల్తెన్యాలు తినడం నీ నోటీసులో నిషిద్ధం కాదా?

నేను అసూయపడే రకం కాదు. నీకు తోడు దొరికితే నాకంటే సంతోషించేవాడు లేడు. కానీ వచ్చినవాడు ఇవాళ కింది వాటాలో టోపీ పెడతాడు, రేపు అదే టోపీ మేడమీద మేకుకి ఎక్కుతుంది, ఎల్లుండి నేను వస్తే మీరెవరండీ అంటాడు. అద్దె కాగితం మీద సంతకం చేయించావా? ఏ పని చేస్తాడు? జవాబు వెంటనే రాయి. అంతదాకా అతను ఏం తెచ్చినా తినకు.

నా బొమ్మ ఇంటి తలుపు అంత గట్టిగా వేయకక్కా. అది విరిగితే నాకు ఇంకోటి లేదు. మంగళవారం శుక్రవారం దాని ముందు ఒక పువ్వు పెట్టు చాలు.

అడ్రసు మారింది. రేడియో స్టేషన్‌కే రాయి.

రెమిహియో

లా పాస్, 27 ఫిబ్రవరి 1994

కంగారు తమ్ముడికి,

నీ ఉత్తరం నియేవెస్‌కి చదివి వినిపించాను. నువ్వు నాది పదిమందికి చదివావు కదా, నాకు ఒక్కతే దొరికింది. ఆవిడ ఆ రోజు నుంచి నన్ను పెళ్ళికూతురని పిలుస్తోంది. మోకాళ్ళు పట్టేసి, గడ్డం మీద రెండు వెంట్రుకలొచ్చిన పెళ్ళికూతురు. అద్దంలో చూసుకుని, పాపం ఆ సాతుర్నినో అనుకున్నాను.

ఆయన పండగల్లో నాట్యమాడేవాళ్ళ దుస్తులకి కుట్టుపని చేస్తాడు. ఆయన అడిగినవి చెప్తాను విను: గుమ్మం ఎలుగుబంటి వేషం పట్టేంత వెడల్పుందా, రాత్రిళ్ళు మిషను తొక్కొచ్చా, కొలతలిచ్చేవాళ్ళు ఎప్పుడైనా రావచ్చా. వాటికే నేను సరేనన్నది. నేను బోర్డు మీద వద్దని రాసినవన్నీ ఒక మనిషిలో కలిసి వచ్చాయి. మిషను చప్పుడుకి నా మంచం వణుకుతుంది. మెట్లంతా పూసలు, ఒకసారి జారి కూడా పడ్డాను. కిటికీలో కళ్ళు మిటకరించిన దెయ్యం ముసుగులు వేలాడుతుంటే నియేవెస్ కొట్టుకి పిల్లలు వీధి చివరి నుంచి చుట్టూ తిరిగి వస్తున్నారు. కొలతలకొచ్చేవాళ్ళు వేసుకుని చూడ్డంతో ఆగరు, ఆడి చూస్తారు. పోయిన శనివారం బాజావాళ్ళు కూడా వచ్చారు. దండెం మీద ఏం ఆరేస్తున్నారో నేను చూడ్డం మానేశాను.

నేను ఇంత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళయిందో. కింద మనుషుల చప్పుడు వింటూ నిద్రపోతున్నాను. ఆయన నాకు మొగుడూ కాడు, మొగుడు కాబోయేవాడూ కాడు. పళ్ళు తీసి గ్లాసులో పెట్టుకుంటాడు. ఆ మరిచిపోయిన దవడ ఆయనకి సరిపోతుందేమోనని ఇద్దరం ప్రయత్నించాం కూడా.

ఇంకో సంగతి, నీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. కార్నివాల్ మంగళవారం ఇంటికి రంగుకాగితాలు కట్టి, నేల మీద సారా చల్లి పూజ చేసుకున్నాం. ఆయన తన సామాను అంతటికీ చల్లుకున్నాడు. కొత్తగా వచ్చిన మనిషి చేతిలో ఏదైనా పెట్టాలి కదా, నా దగ్గరేముంది? బీరువా మీద నీ ఇల్లుంది. ఈ ఇంటిని రెండు ముక్కలు చేసే కోరిక నా బీరువా మీదే కూర్చుని ఎందుకు ఫలించాలనిపించింది. తీసుకెళ్ళి ఆయనకిచ్చేశాను. ఆయన తలుపు తెరిచి చూసి, మూసి, మళ్ళీ తెరిచి చూశాడు. "నాకు ఇంతవరకు ఇల్లు ఎవరూ ఇవ్వలేదమ్మగారూ," అన్నాడు. కొనుక్కున్న దానికంటే ఒకరిచ్చింది బాగా పనిచేస్తుందంటారు. పనిచేయనీ. వచ్చే ఏడు నీకు ఇంకోటి కొంటాను, నీ బుద్ధి మారితే.

ఎర్లిండా

శాంతాక్రూస్, 20 మార్చి 1994

అక్కా,

ఇచ్చేశావా.

సరే. మంచివాడిలాగే ఉన్నాడు. ఉండనీ.

రెమిహియో

లా పాస్, 12 జులై 1994

తమ్ముడూ,

మార్చిలో నువ్వు పంపినది ఉత్తరమో టెలిగ్రామో ఇప్పటికీ అర్థం కాలేదు. తర్వాత నేను రెండు రాశాను, నువ్వు ఒక్కటీ రాయలేదు. అలిగావనుకున్నాను. అలగడంలో నువ్వు మొదటినుంచీ ఓపికమంతుడివి. అందుకే నేను కూడా అలిగి కూర్చున్నాను. ఇప్పుడు అలిగే స్తోమత నాకు లేదు, అందుకని రాస్తున్నాను.

సాతుర్నినో వెళ్ళిపోయాడు. మే నెల పండగ అయ్యాక దుస్తుల డబ్బులన్నీ ఒక్కసారి చేతికొచ్చాయట. కొండ పైనున్న ఎల్ ఆల్తో ఊళ్ళో వాళ్ళ కూతురింటి పక్కనే స్థలం దొరికింది. ఇటుకలొచ్చాయి, రేకులొచ్చాయి, పైకప్పు వేసే రోజు నన్ను పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. కొత్త ఇంటి గూట్లో మధ్యలో ఏముందో చూశావా, నీ బొమ్మ ఇల్లు. "అంతా మీ చలవేనమ్మగారూ," అని నా చేతులు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను, కారణం వేరు.

ఈ లోకంలో నా అంత ప్రకటనకర్త లేదు తమ్ముడూ. అద్దెకు మనిషి కోసం నీ చేత రాయించాను, కుండీలు అరువు తెచ్చాను, లాయరు బూటు కడిగాను. ఎట్టకేలకు బంగారంలాంటి మనిషి దొరికితే, వెళ్ళిపొమ్మని నా చేతులతో నేనే ఇల్లు కొనిచ్చాను. దానికి ధూపం కూడా వేయించాను.

ఇప్పుడు కింద చప్పుడు లేదు. నిన్న మెట్ల మీద ఒక పూస దొరికితే జేబులో వేసుకున్నాను. మళ్ళీ బోర్డు రాయడానికి కూర్చున్నాను, చెయ్యి ఆడలేదు. ఇంకో మనిషికి అలవాటుపడి ఇంకోసారి పోగొట్టుకునే ఓపిక నాకు లేదు. నువ్వన్నట్టే కానివ్వు. ఇల్లు అమ్మేద్దాం. కొనేవాణ్ణి చూసి పంపు, సంతకం పెడతాను. నీ సగంతో నువ్వు ఇల్లు కట్టుకో, నేను లిఫ్టు తుడుచుకుంటాను.

మాట వరసకి పాత పద్ధతిలో ఒక బోర్డు మాత్రం తగిలించి ఉంచాను, మొదట రాసిందే. పొయ్యిలో పెట్టమన్నావు, నేను దాచుకున్నాను.

నీ అక్క,
ఎర్లిండా

శాంతాక్రూస్, 26 జులై 1994

మహారాజశ్రీ ఎర్లిండా గారి సముఖమునకు,

తమరు కింది వాటా అద్దెకివ్వబోతున్నారని తమరి ఉత్తరం వల్ల తెలిసింది. ఆ వాటాకి నేను దరఖాస్తు పెట్టుకుంటున్నాను. నా అర్హతలు: పిల్లలు లేరు, ఉండి ఉంటే నా దగ్గరుండేవారు కాదు. కుక్క లేదు. గిటారు ఒకటి ఉండేది, దాని మూలాన మూడు వాటాలు పోయాయి, నాలుగో వాటా అద్దెకింద ఇంటావిడ దాన్నే ఉంచుకుంది. తలుపు నెమ్మదిగా వేయగలను, వేసిన తలుపు బయట నిలబడిన అనుభవం కూడా ఉంది. వేడినీళ్ళు అడగను.

అక్కా, ఇలా రాస్తేగానీ రాయలేకపోయాను. సేమియా కంపెనీ పోయినప్పటి నుంచి నాకు ఒకచోట ఉద్యోగం నిలవలేదు, దాంతో ఒకచోట ఇల్లూ నిలవలేదు. గాలి కోసమని రాశాను కదా, గాలికే తిరిగాను. నీకు చెప్పిన సూత్రాలన్నీ నన్ను గెంటేసిన ఇంటావిళ్ళ దగ్గర నేర్చుకున్నవే. మంచి అద్దెదారుల గురించి నాకు తెలిసిందల్లా నేను వాళ్ళలో ఒకణ్ణి కాననే. ఫిబ్రవరి నుంచి రేడియో స్టేషన్‌లో పాత రికార్డుల గదిలో పడుకుంటున్నాను. కింద పరుపు ఉంది. నేను ప్రకటనలో చెప్పిన కంపెనీదే. దేవుడున్నాడు, అది చాలా గట్టిగా ఉంది.

ఇల్లు అమ్మి సొంతిల్లు కట్టుకునే యోగ్యత నాకెక్కడిది? అక్కా నాకు ఉండడానికి చోటు లేదు, వస్తాను అని ఒక్క మాట రాయలేక అమ్మేద్దామన్నాను. సగం నాదే అయిన గడప ఎక్కడానికి సిగ్గుపడి, నీ గడప కూడా తీసేయబోయాను. బొమ్మ ఇల్లు అడిగింది కట్టుకోవడానికి కాదు. తలుపు తెరుచుకునే ఇల్లు ఏదైనా ఒకటి దొరుకుతుందేమోనని. నువ్వు దాన్ని ఇచ్చేశానని రాసిన రోజు, దేవుడు కూడా నన్ను ఖాళీ చేయించాడనిపించింది. అందుకే అంతకంటే రాయలేకపోయాను.

ఇల్లు అమ్మొద్దు. కొనేవాడు ఎవడూ లేడు, ఎప్పుడూ లేడు. తమరి జవాబు కోసం ఎదురుచూస్తూ, అడ్రసు మారకుండా ఇక్కడే ఉంటాను.

రెమిహియో

లా పాస్, 6 ఆగస్టు 1994

ఒరే రెమీ,

దరఖాస్తు చూశాను. తిరస్కరించడమైనది. నీకు అద్దెకివ్వను. సొంతింటికి అద్దె కట్టుకునే వెధవని ఈ వీధిలోనే చూడలేదు, నియేవెస్ ముందు నా పరువు పోతుంది.

నీ ఉత్తరం మెట్ల మీద కూర్చుని చదివాను. చదివి లేవలేకపోయాను, మోకాళ్ళ వల్ల అని నియేవెస్‌కి చెప్పాను. నువ్వు అడ్రసు మారినప్పుడల్లా గాలి గాలి అని రాస్తుంటే, మా తమ్ముడు శాంతాక్రూస్‌లో షోకులు పోతున్నాడనుకున్నాను. ఇంత పెద్ద ఇంట్లో నేను మనిషి చప్పుడు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటే, నువ్వక్కడ తలుపు కోసం ఎదురుచూశావు. పేపర్లో వేయించాను, సంతలో అడిగాను, దారిన పోయే లాయర్ని కమోడెక్కించాను. నిన్ను రమ్మని మాత్రం ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. రాస్తే వస్తావని తోచలేదు. మనిద్దరిలో ఎవరు పెద్ద వెధవో నువ్వొచ్చాక తేల్చుకుందాం.

నీ పేరున కొన్న ఇంటిని నేను వేరొకరికి ఇచ్చేశాను. అది ఇప్పుడు ఎల్ ఆల్తోలో ఇటుకలతో నిలబడి ఉంది, వెనక్కి అడగలేను. కాబట్టి నీకు ఇవ్వాల్సిన ఇల్లు నా బాకీ. నా దగ్గరున్నది ఇదొక్కటే, దీంట్లోనే సర్దుకోవాలి. దీని తలుపు కూడా తెరుచుకుంటుంది.

రాత్రి బస్సుకి రా. చలి బాగా ఉంది, నీకు చొక్కాలు తప్ప ఏమీ ఉండి ఉండవు, సాతుర్నినో నీకోసమని ఎలుగుబంటి వేషంలో మిగిలిన గుడ్డతో ఒక కోటు కుట్టి ఇచ్చాడు. చూడ్డానికి భయంగానే ఉంటుంది, వేసుకో. వచ్చిన రోజే ఆ కమోడు మూత బాగుచెయ్యాలి. నీ ప్రకటన వల్ల విరిగింది, ఇంకెవరి చేతా చేయించను. గిటారు కోసం ఇక్కడ చూస్తున్నాను.

బోర్డు తీసేశాను. ఈసారి పొయ్యిలోనే పెట్టాను, దాని మీదే నీకు చైరో సూపు కాస్తాను. పుంజుని మాత్రం కిటికీలోనే ఉంచాను. ఇంటికి మగమనిషిని తెస్తుందన్నారు, తెచ్చింది. ఎలాంటివాడు కావాలో సంతలో సరిగ్గా చెప్పకపోవడం నాదే తప్పు.

అక్క